చిలికాలో రెండోసారి

సెప్టెంబర్ 14

రాయడానికి ప్రత్యేకంగా ఏం లేదు. స్కూల్లో యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దేసరికి మెడ పట్టేసింది. ఇంట్లో అంతా బాగానే ఉంది.

సాయంత్రం సాహితికి జడ వేస్తానన్నాను. "అక్కర్లేదండీ, నాకొచ్చు" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. జూన్‌లో సింహాచలంలో పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ నన్ను మీరనే అంటుంది. మర్యాద తెలిసిన పిల్ల.

నాకేం బాధ లేదు.

సెప్టెంబర్ 15

ప్రద్యుమ్నతో ఏ ఇబ్బందీ లేదు. అయిదేళ్ళవాడు, నేనొచ్చిన వారానికే ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు. కాని వాడు నా దగ్గర కూర్చున్నంతసేపూ సాహితి గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. వాడి అన్నం కలిపేది తనే, బూట్లు తొడిగేది తనే. ఆటోలో వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. నిద్రలో కూడా వాడి చొక్కా అంచు దాని పిడికిట్లోనే ఉంటుంది.

పక్కింటి సింహాద్రమ్మగారితో అత్తయ్యగారు గొప్పగా చెప్తున్నారు. "మా సాయితి ఉంటే సాలమ్మా, ఆడికి తల్లి లేదన్న లోటే తెలీదు." అనేసి, నన్ను చూసి నాలిక కరుచుకున్నారు. నేను విననట్టే లోపలికి వచ్చేశాను. నిజంగానే సరిగ్గా వినపడలేదు కూడా.

సెప్టెంబర్ 21

ప్రద్యుమ్న ఫోన్లో డాల్ఫిన్ల వీడియో చూసి నన్ను వదలడం లేదు. "మనం చూద్దామా? నిజందాన్ని చూద్దామా?" అని ఒకటే గొడవ. అన్నాల దగ్గర నేనే అన్నాను. దసరా సెలవులకి పూరీ వెళ్దాం, అక్కణ్ణించి చిలికా సరస్సు దగ్గరే, బోటులో తీసికెళ్ళి చూపిస్తారు అని.

ఈయన కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. సాహితి లేచి వెళ్ళి చెయ్యి కడిగేసుకుంది. పళ్ళెంలో అన్నం అలాగే ఉంది.

నేనేమన్నాను?

సెప్టెంబర్ 22

అత్తయ్యగారు చెప్పారు. చిక్కుళ్ళు ఒలుస్తూ, నా మొహం చూడకుండా.

"రెండేళ్ళ కింద టిక్కెట్లు కూడా తీసేరమ్మా. ఆ సరస్సుకే. సత్యకి అప్పుడే ఒంట్లో బాగోలేదు. తగ్గేక ఎల్దాంలే అంది. తగ్గితేనా? తరవాతంతా ఆస్పత్రే."

పిల్లల కన్నతల్లి సత్యలక్ష్మి అనుకున్న ప్రయాణాన్ని నేను నా ఆలోచనలాగా అన్నాల దగ్గర పెట్టాను. ఈయన ఆఫీసు నుంచి రాగానే అడిగాను.

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"ఏటని చెప్పను? నువ్వు అంత సంతోషంగా అంటుంటే."

"మానేద్దాం."

"మానేస్తే వాడేం చేశాడు పాపం? సాహితిని అడుగు. నేను అడగలేను" అన్నారు.

సెప్టెంబర్ 24

అడిగాను. మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే.

"నేను రానండీ. నాయనమ్మ దగ్గరుంటాను."

"నీకు ఇష్టం లేకపోతే ఎవరం వెళ్ళొద్దులే."

తమ్ముడి నిక్కరు మడత పెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టింది. "వాడు వెళ్తానంటున్నాడా?"

"వాడికి ఒకటే ఆశ."

"అయితే వస్తాను. బోటులో వాణ్ణి ఎవరు పట్టుకుంటారు?"

"నేనున్నాను, నాన్నున్నారు..."

"మీకు తెలీదండీ. వాడు ఒక్కచోట నిలబడడు."

వస్తానంది. అదే పదివేలు.

అక్టోబర్ 4

యలమంచిలిలో రైలెక్కాం. బస్సు ఆలస్యమయ్యి స్టేషన్లో పరుగులు. "బేగి రండి, బేగి రండి" అని వీళ్ళ యాసలో అరిచిన మనిషి నేనేనా అనిపించింది. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పని రాలేదు. ఇంట్లోంచి బయల్దేరే ముందు నన్ను పక్కకి పిలిచి, "నీళ్ళ మీదకి పసోళ్ళని తీసికెల్తన్నావు, జాగర్తమ్మా" అన్నారు. ఆ మాట ఈయనతో అనలేదు, నాతో అన్నారు.

అక్టోబర్ 5

పూరీ. గాలి ఎక్కువగా ఉందని బోట్లు ఆపేశారట. గుడికి వెళ్ళొచ్చాం. అత్తయ్యగారికి ప్రసాదం తీసుకున్నాం. ప్రద్యుమ్న ఏడుపు.

అక్టోబర్ 6

పొద్దున్నే కారులో చిలికా ఒడ్డున సాతపడ రేవుకి వెళ్ళాం. ఒడ్డున వరసగా బోట్లు, పైన టార్పాలిన్ కప్పులు. మాకు దొరికిన బోటతని పేరు సోమన్న. వాళ్ళ తాతలు గంజాం వైపు నుంచి వచ్చారట, తెలుగు బాగానే మాట్లాడతాడు. "గ్యారంటీగా కనపడతాయమ్మా. కనపడకపోతే నా పేరు మార్సీండి" అన్నాడు.

లైఫ్ జాకెట్లన్నీ పెద్దవాళ్ళవే. ప్రద్యుమ్నకి వేస్తే మోకాళ్ళ దాకా వచ్చింది, మెడ లోపలికి వెళ్ళిపోయింది. ఏం కాదమ్మా, నీళ్ళు నడుం లోతే అన్నాడు సోమన్న. చిన్నవి తెస్తే గాని ఎక్కనన్నాను. ఈయన "హరిణీ, పోనీలే" అన్నా వినలేదు. సోమన్న గొణుక్కుంటూ వెళ్ళి ఎక్కణ్ణించో రెండు చిన్నవి తెచ్చాడు. సాహితి నన్ను ఓసారి తేరిపార చూసింది. తర్వాత తమ్ముడి జాకెట్ బకిళ్ళు తనే పెట్టింది, ఒక్కోటీ లాగి చూసి.

సరస్సు అంటే చెరువులా ఉంటుందనుకున్నాను. అవతలి ఒడ్డు కనపడదు. నీళ్ళలో పాతిన వెదుళ్ళ మీద పక్షులు. ఇంజను చప్పుడుకి మాటలు వినపడవు. చాలాదూరం వెళ్ళాక ఎవరో చెయ్యి చూపించారు. అంతే, చుట్టుపక్కల బోట్లన్నీ అటే పరుగు. అందరూ లేచి నిలబడి "అదిగో, అదిగో" అని కేకలు. అంత దగ్గరికి వద్దు, దూరంగా ఆపమని నేనన్నాను. "దూరంగా ఆపితే కనపడలేదని మీరే తిడతారమ్మా" అన్నాడు గాని, పాపం ఆపాడు.

కనపడింది! బూడిదరంగు వీపు, నీళ్ళు చీలుస్తూ పైకి లేచి మునిగింది. ఇంకోసారి లేచినప్పుడు తల కూడా చూశాను. ప్రద్యుమ్న గంతులు. ఈయన వీడియో తీస్తూ చిన్నపిల్లాడిలా అరిచారు. ఆయన అలా అరవడం నేను ఇప్పటిదాకా వినలేదు. నేను కూడా అరిచాను. ఎంత బాగుందో.

ఒడ్డుకొచ్చాక హోటల్లో అన్నాలు తింటుంటే ప్రద్యుమ్న కుర్చీలోంచి లేచి డాల్ఫిన్‌లాగా దూకి చూపిస్తున్నాడు. సాహితి వాడి పళ్ళెంలో చేపకి ముళ్ళు తీస్తోంది.

"నీకెలా ఉంది? దాని తల భలే ఉంది కదూ?" అన్నాను.

"నేను చూళ్ళేదండీ."

మామూలుగానే చెప్పింది. ఉప్పు అందుకోండి అన్నట్టు.

"అదేంటి? అన్నిసార్లు లేచింది కదా!"

"వీడు వంగుతున్నాడు కదా. వీణ్ణి చూస్తున్నాను."

అప్పుడు చూశాను దాని అరచెయ్యి. తమ్ముడి జాకెట్ పట్టీ ఒరుసుకుని ఎర్రగా చార పడింది. బోటు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆ పట్టీ వదల్లేదు. మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఇద్దరం అరుస్తున్నాం.

పూరీ హోటల్‌కి తిరిగొచ్చాక, పిల్లలు టీవీ చూస్తుంటే ఈయనతో అన్నాను. రేపు ఖాళీగానే ఉన్నాం కదా, సాహితిని తీసుకుని నేనొక్కదాన్నే మళ్ళీ వెళ్తాను, మీరు వాడితో బీచ్‌లో ఉండండి అని.

"ఒక్కదానివే పిల్లని తీసుకుని నీళ్ళలోకా?"

"ఇవాళ వెళ్ళిన బోటే, వెళ్ళిన మనిషే."

"అందరం వెళ్దాం."

"అందరం వెళ్తే అది మళ్ళీ వాడి జాకెట్టే చూస్తుందండీ."

ఆయన బాల్కనీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. "ఇంకో మనిషిని పంపించి ఎదురుచూడ్డం నా వల్ల కాదు హరిణీ" అన్నారు చివరికి. ఆయన పక్కన నిలబడ్డాను. కాసేపయ్యాక ఆయనే, "చిన్న జాకెట్లు ఉంటేనే ఎక్కు" అన్నారు.

ఇంక దాన్ని ఒప్పించాలి.

అక్టోబర్ 7

ఒప్పించక్కర్లేకపోయింది. చూడాలని ఉందా అంటే తల అడ్డంగా ఊపలేదు. అంతే. వాళ్ళ నాన్నకి మాత్రం చెప్పవలసినవన్నీ చెప్పింది. కెరటాల దగ్గరికి పోనివ్వకూడదు, తల తడిస్తే వెంటనే తుడవాలి, పీచుమిఠాయి అడిగినా కొనకూడదు. ఈయన చేతులు కట్టుకుని "అలాగేనండీ" అన్నారు. నవ్వలేదది. కారు మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది.

సోమన్న మమ్మల్ని చూసి, "మళ్ళీ వచ్చేరేటమ్మా? నిన్న కనపడ్డాయి కదా!" అన్నాడు.

"ఈ అమ్మాయికి కనపళ్ళేదు."

అడక్కుండానే చిన్న జాకెట్ తెచ్చాడు.

ఎండెక్కుతోంది. చాలాసేపు తిరిగాం. ఏం లేదు. నిన్న బోట్లు మూగినచోట ఇవాళ నీళ్ళు తప్ప ఏం లేవు. సోమన్న పేరు మార్చేయాల్సిందే అనుకున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది సాహితి. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టుంది.

"నాన్న వాణ్ణి కెరటాల దగ్గరికి పోనివ్వరు కదండీ?"

"పోనివ్వరు."

కాసేపయ్యాక మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ అదే చెప్పాను.

సోమన్న ఇంజను ఆపేశాడు. ఆకలేస్తోందని టిఫిన్ డబ్బా తీసి, మాకు వీపు పెట్టి కూర్చుని చద్దన్నం తింటున్నాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. బోటు అంచుకి నీళ్ళు తగిలే చప్పుడొక్కటే. అప్పుడు అడిగాను.

"ఎప్పుడూ నువ్వే పట్టుకోవాలా వాణ్ణి?"

"అమ్మ చెప్పింది."

అది తనంతట తను అమ్మ మాట నా దగ్గర ఎత్తడం ఇదే మొదలు. నేను కదల్లేదు.

"ఆస్పత్రిలో. మేం వచ్చేస్తుంటే. తమ్ముడి చెయ్యి వదలకే అంది. మర్నాడు మమ్మల్ని తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత కూడా తీసుకెళ్ళలేదు."

ఆ ఆస్పత్రి నాకు తెలుసు. విశాఖలో మెయిన్ రోడ్డు మీదే. గేటు దాటగానే బస్సులు. రోడ్డు దాటేటప్పుడు వదలకు అని అనుంటుంది ఆవిడ. ఏ తల్లయినా అనే మాటే. నోటిదాకా వచ్చింది చెప్దామని. చెప్పలేదు. ఈ పిల్ల రెండేళ్ళు మోసిన మాటని చిన్నది చెయ్యడానికి నేనెవర్ని?

"చెయ్యి నొప్పి పుట్టదా?" అన్నాను.

సాహితి నీళ్ళకేసి చూసింది.

"పుడుతుంది."

దాని పక్కకి జరిగి అన్నాను. "నొప్పి పుట్టినప్పుడు నాకివ్వు. కాసేపు నేను పట్టుకుంటాను. మళ్ళీ నీకే ఇచ్చేస్తాను."

"కాసేపేనా?"

"నువ్వు ఎంతసేపంటే అంతసేపు."

అది ఆలోచిస్తోంది. అప్పుడే పక్కనెక్కడో 'ఫూ' అని ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు వినపడింది. సోమన్న తింటున్న చెయ్యి ఎత్తి, మాట్లాడొద్దన్నట్టు చూపించాడు.

సాహితి చటుక్కున లేచి అంచు మీదకి వంగింది. నేను దాని జాకెట్ వెనకపట్టీ రెండు చేతులా పట్టుకున్నాను. మళ్ళీ ఆ చప్పుడు, ఈసారి ఇంకా దగ్గరగా. దాని ఒళ్ళంతా వణకడం నా చేతులకి తెలుస్తోంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ముక్కు లేదు! దానికి ముక్కు లేదు!"

ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. గరగరలాడే నవ్వు, ముసలాళ్ళ నవ్వులా ఉంది.

"ఫోటోల్లో పొడుగ్గా ఉంటుంది కదా, దీనికి లేదు! గుండు! చూశావా? నువ్వు చూశావా?"

"చూశాను" అన్నాను.

అబద్ధం. పట్టీ ఎక్కడ జారుతుందోనని దాన్నే చూస్తున్నాను. డాల్ఫిన్ ఎటు లేచిందో ఎటు మునిగిందో నాకు తెలీదు.

నువ్వు అంది. అలా అన్నట్టు దానికే తెలీదు.

అక్టోబర్ 8

తిరుగు రైలు. కిటికీ దగ్గర ప్రద్యుమ్న, వాడి పక్కన ఈయన. సాహితి పైబెర్తు ఎక్కి ఒక్కతే పడుకుంది. ఈయన రెండుసార్లు లేచి చూసొచ్చారు, ఒంట్లో బాగోలేదేమోనని. బాగానే ఉంది. నిద్రపోతోంది.

అక్టోబర్ 10

మళ్ళీ అండీ. మళ్ళీ మీరు.

ఇల్లు చేరిన దగ్గర్నుంచి నా వైపే చూడ్డం లేదు. నాకేం బాధ లేదు అని రాశాను పైన, సెప్టెంబర్లో. ఉంది. చాలా ఉంది.

అక్టోబర్ 12

పండగ. వంటింట్లో ఉంటే అత్తయ్యగారొచ్చి, "సాయితి ఏడస్తందమ్మా, నన్ను రానివ్వడం నేదు. నువ్వెల్లి సూడు" అన్నారు. ఆవిడకి కుదరనిది నాకెలా కుదురుతుందనుకున్నారో.

ముందు గదిలో సత్యలక్ష్మి ఫోటో ఉన్న గోడకి వీపు ఆనించి కూర్చుంది. ఫోటో కనపడకుండా. నేనూ పక్కనే కింద కూర్చున్నాను.

"అమ్మ చూళ్ళేదు" అంది. "అమ్మతో చూద్దామనుకున్నాం. నేను చూసేశాను. నవ్వాను కూడా."

తోచినదే అన్నాను.

"అమ్మకి చెప్పు మరి. ఎలా ఉందో."

ముక్కు తుడుచుకుంది. "మీరు వెళ్ళండి."

లేచి వచ్చేశాను. వంటింట్లోకి అడుగుపెడుతుంటే వెనకనించి వినపడింది, కొత్తగా, గుసగుసగా.

"ముక్కుండదమ్మా దానికి. గుండు..."

మిక్సీ వేసేశాను. అందులో రుబ్బడానికి ఏం లేదు. అయినా వేశాను. అది వాళ్ళిద్దరి మాట.

అక్టోబర్ 13

సెలవులు అయిపోయాయి. యూనిఫారాలు ఇస్త్రీ.

అక్టోబర్ 19

స్కూల్ ఆటో దిగి, తిన్నగా నా దగ్గరకొచ్చి తమ్ముడి బ్యాగు నా చేతిలో పెట్టింది. తర్వాత తమ్ముడి చెయ్యి కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కాసేపు" అంది.

ఎదురింటి పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడ్డానికి పరుగు. చీకటి పడుతుంటే వచ్చింది, గౌను నిండా మట్టి. అప్పటిదాకా నేను వాడి చెయ్యి పట్టుకునే కూర్చున్నానని ఈయన నవ్వారు. వాడికీ విసుగేసింది పాపం.

అక్టోబర్ 23

జడ వేశాను. ఒకవైపు ఎక్కువ లాగేశానని తిట్టింది.

అక్టోబర్ 30

చెయ్యి ఇంకా నూనె జిడ్డుగా ఉంది, అయినా రాయకుండా ఉండలేను.

రేపు దీపావళి. ఈయన తెచ్చిన మందుగుండు మేడ మీద ఎండలో పెట్టాం. నేను గారెల పిండి కలుపుతున్నాను. అత్తయ్యగారు అల్లం చెక్కు తీస్తున్నారు. మేడ మీంచి దబదబా చప్పుడు, తర్వాత ఏడుపులు. ఒకటి కాదు, రెండు.

ఇద్దరూ మెట్ల మీంచి ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వంటింట్లోకి వచ్చి పడ్డారు. వాడి చెంప ఎర్రగా ఉంది. దాని మోచేతి మీద పళ్ళ గాట్లు.

"అక్క నన్ను కొట్టింది!"

అత్తయ్యగారి చేతిలో అల్లం కిందపడింది. "సాయితి కొట్టిందేటి? ఆణ్ణి? ఎన్నడూ నేదే!"

"వాడు నా కాకరపువ్వొత్తులు తీసి వాడి సంచిలో వేసుకున్నాడు! అడిగితే కరిచాడు!"

"అవి నావే! నాన్న నాకిచ్చాడు!"

"అబద్ధం! ఎప్పుడూ నేనే ఇవ్వాలి వీడికి! ఎప్పుడూ నేనే! ఇవాళ నేనివ్వను!" సాహితి నా కొంగు పట్టుకుని గుంజింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, మొహం కోపంతో కందగడ్డలా ఉంది. "నువ్వు సెప్పు! తప్పెవరిది? నువ్వే సెప్పు!"

అటువైపు నుంచి వాడు. "నువ్వు సెప్పమ్మా! అక్కదే కదా!"

తప్పెవరిదో నాకేం తెలుసు? నేనక్కడ లేను. రెండు చేతులకీ పిండి. ఆ పిండి చేతుల్తోనే ఇద్దరి రెక్కలూ పట్టుకుని విడదీసి, గట్టిగా అరిచాను. వాణ్ణి కరిచినందుకు, దాన్ని కొట్టినందుకు. ఒత్తులన్నీ నేనే తీసేసుకుంటానని, ఇద్దరికీ ఒక్కటి కూడా ఉండదని. సాహితి కాళ్ళు నేలకేసి కొట్టి, "ఇది అన్యాయం! నువ్వు ఎప్పుడూ వాడి పక్కే!" అని గదిలోకి వెళ్ళి ధడాలున తలుపేసుకుంది. ప్రద్యుమ్న నేల మీద పడి దొర్లాడు. అత్తయ్యగారు గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకున్నారు. నవ్వో ఏడుపో తెలీలేదు.

గొడవ విని సింహాద్రమ్మగారు పిట్టగోడ మీంచి తొంగి చూశారు. "ఏటమ్మా హరిణీ, ఏటయింది? ఎవులికైనా దెబ్బ తగిలిందేటి?"

నేను గుమ్మంలోకి వచ్చి, మోచేత్తో మొహం మీది వెంట్రుకలు తోసుకున్నాను.

"ఏం చెప్పమంటారండీ," అన్నాను, "మా పిల్లలతో వేగలేక చస్తున్నాను."